కాకి వాలితే మోగే గంట

రాజుగారి రథం మీద దొంగ చెయ్యి పడితే మోగేలా అశ్వశాల అధికారి భైరవయ్య ఓ గంట కట్టించాడు. కాకి వాలినా అది మోగేది.

“తీగ బిగువెక్కువైంది బాబుగారూ, ఇంటికి తీసుకెళ్లి బాగుచేస్తాను” అంది కంచరి నూకాలు.

“నేను కట్టించిన గంటకే వంక పెడతావా? ఊళ్లోంచి వెళ్లగొట్టిస్తా!” అన్నాడతను.

మర్నాడు రథం మాయమైంది. ఆ తర్వాత మూడోనాడు నూకాలు కొలువుకొచ్చింది.

“రథం మా పెరట్లో ఉంది ప్రభూ. పట్టపగలు ఎద్దుల్ని కట్టి రాజవీధిలోనే తోలుకెళ్లాను. దారిపొడుగునా గంట మోగుతూనే ఉంది. కాకి వాలిందనుకుని అధికారిగారు తలైనా ఎత్తలేదు. ఇప్పుడు బాగుచేశాను.”

రాజు నవ్వాపుకుని, రథం తెమ్మని భైరవయ్యనే పంపాడు. అతను చెయ్యి వేశాడో లేదో గంట గణగణలాడింది. రెండ్రోజులుగా కిక్కురుమనని గంట మోగేసరికి వీధి వీధంతా కర్రలతో వచ్చి అతన్ని పట్టుకుంది.

వెనకే వచ్చిన నూకాలు నడుం మీద చెయ్యేసుకుని, “వదిలెయ్యండర్రా! అధికారిగారు నా పనితనం చూడ్డానికొచ్చారు” అంది.