తలుపు దగ్గరి కుర్చీ

శౌరయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్ళ కుర్చీ ఎప్పుడూ తలుపు దగ్గరే వేసేవారు. ఊడ్చే మనిషి దాన్ని జరిపితే, ఏమీ అనకుండా మళ్ళీ తెచ్చి తలుపు పక్కనే పెట్టుకునేవారు. గుంటూరులో మేడమీది ఆ రెండు గదుల్లో ప్రమీలా నేనూ ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న రోజులవి. బెదిరినవాళ్ళు లేచిపోవడానికి వీలుగా ఉంటుందని మేమే ఒక అర్థం చెప్పుకుని ఊరుకున్నాం.

ఒక గురువారం మధ్యాహ్నం ప్రమీల మొహం కందగడ్డ చేసుకుని వచ్చింది.

"ఆప్యాయంగా ఉండమన్నారు, ఉన్నాను. తొందరపెట్టొద్దన్నారు, పెట్టలేదు. మరి నాలో ఏం తక్కువైంది మాస్టారూ?" అని అడిగింది.

సంగతి ఇదీ. ఆమె దగ్గరికి ఒక టీచరమ్మ పదకొండు వారాలుగా వస్తోంది. ఏదో మనసులో పెట్టుకుని కుమిలిపోతోందని తెలుస్తోంది గానీ నోరు విప్పదు. కిందటి వారం వచ్చి, చనిపోయే ముందు తమ్ముడు చేసిన ఫోను తాను కోపంకొద్దీ ఎత్తలేదని చెప్పింది. "మొన్న మా టైలరమ్మతో అంతా చెప్పేశానండీ, గుండె తేలికపడింది" అని నవ్విందట కూడా. ఆ నవ్వుతో ప్రమీలకి ఒంటికి కారం రాసినట్టయింది.

"పదకొండు వారాలు నా ఎదురుగా కూర్చుంది. జాకెట్టు కొలతలు తీసుకునే ఆవిడకి పావుగంటలో చెప్పేసింది! ఇవాళ నాలుగింటికి వస్తుంది. ఇలాంటివి ఇక్కడే చెప్పాలి, బయట చెప్పుకుంటే ఇక నేను చేయగలిగిందేం లేదు అని గట్టిగా చెప్పేస్తాను."

ఆ మాట అంటే టీచరమ్మ నోరు మళ్ళీ మూతపడుతుందని నాకు తెలుస్తూనే ఉంది. అయినా లోలోపల సంతోషించాను, దాచుకోవడం ఎందుకు? ప్రమీల దగ్గరికి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి మాట్లాడతారు, నా దగ్గరికి వచ్చినవాళ్ళు గడియారం చూస్తారు. ఆమెకూ ఒకసారి దెబ్బ తగలాలని ఎన్నాళ్ళనుంచో నా కోరిక.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పేరు చెప్పను. నా కొత్తల్లో కరెంటాఫీసు లైన్‌మన్ ఒకాయన వచ్చేవాడు," అన్నారు.

భార్య పోయినా ఆయనకి ఏడుపు రాలేదట. మాస్టారు ఏడు నెలలు ఓపిక పట్టారు. ఒక రోజు ఆయన వేళకి రాలేదు. కిటికీలోంచి చూస్తే, వీధి మలుపులో టీ బండి దగ్గర నిలబడి భోరున ఏడుస్తున్నాడు. మాస్టారు మెట్లు దిగి వెళ్ళారు. టీ బండివాడు ఆ లైన్‌మన్ వైపు తిరిగైనా చూడటం లేదు. టీ వడపోస్తూ "ఊఁ, ఊఁ" అంటున్నాడు, అంతే.

"ఆ గిన్నె లాక్కుని కాలవలో పారబోద్దామన్నంత మంట పుట్టింది నాకు. ఏడు నెలల కష్టం నాది, ఏడుపు వాడికి దక్కింది!"

"ఏం చేశారు మరి?" అంది ప్రమీల.

"వెనకాలే నిలబడి ఒక టీ తాగాను. చక్కెర వేశాడో లేదో, చేదుగానే ఉంది. ఆయన నన్ను చూడలేదు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ అన్నారు. "మర్నాడు వచ్చాడు. 'మీ దగ్గర కాకుండా వాడి దగ్గర ఏడ్చాను, ఏమీ అనుకోకండి సార్' అని నా చేతులు పట్టుకున్నాడు. దొంగతనం చేసినవాడిలా వణుకుతున్నాడమ్మా. నేనంటే అంత భయం పెట్టుకున్నాడని నాకు అప్పటిదాకా తెలీదు."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. నాలుగు కావస్తోంది. ప్రమీల లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, తలుపు పక్కనున్న కుర్చీని చూసింది.

"ఇది మొదటినుంచీ ఇక్కడే ఉండేదా మాస్టారూ?"

"లేదమ్మా. అది లోపలి గోడ దగ్గర ఉండేది," అన్నారు మాస్టారు. "తలుపు దగ్గర నేను కూర్చునేవాణ్ణి."