అరకు రైల్లో కిటికీ సీటు

వసుమతికి ముప్పై మూడేళ్లు. ఇంట్లో ఎవరు ఎవరిని పిలిచినా "ఆఁ, వస్తున్నా" అంటూ లేచి నిలబడటం ఆమె అలవాటు. ఆ పిలుపు తనకి కాదని తెలిశాక కూడా, ఎలాగూ లేచాను కదా అని ఏదో ఒక పని ముగించుకుని గాని మళ్ళీ కూర్చునేది కాదు.

ఆమె హరికథ నేర్చుకుంటోంది. ఆమె కాపురం కాకినాడలో, గురువు త్రిపురసుందరమ్మగారు ఉండేది పిఠాపురంలో. డెబ్బై దాటినా గజ్జె కట్టి చిడతలు పట్టుకుంటే ఆవిడ వయసు పందిట్లో ఎవరికీ గుర్తుండేది కాదు. శిష్యులు ప్రశ్న అడిగితే ఆవిడ సూటిగా జవాబు చెప్పేవారు కాదు. "జవాబు చెబితే పట్టుకెళ్ళి దాచుకుంటారు, వాడుకోరు" అనేవారు. ఆవిడ దగ్గర ఒక ఆచారం కూడా ఉండేది. కొత్త కథని శిష్యురాలు కూర్చుని వినాలి. మొదటినుంచి చివరిదాకా కదలకుండా విన్నాకే నిలబడి చెప్పడానికి అనుమతి. పెళ్ళికి ముందు వసుమతి అలాగే నేర్చుకుంది. ఆ తరవాత ఇద్దరు పిల్లల మధ్య కొన్నేళ్లు ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టిన ఏడాదే కరోనా వచ్చింది. పాఠాలు ఫోనులోకి మారాయి. ఫోనులో గురువుకి శిష్యురాలి ముఖం కనిపిస్తుంది, కాళ్ళు కనిపించవు.

బళ్ళు మూసేశారు. పిల్లలకి సెలవులన్నారు. సెలవు అనే మాటని ఎవరు కనిపెట్టారో తెలీదు గాని, కనిపెట్టినవాళ్ళు మాత్రం ఎప్పుడూ ఎవరికీ అన్నం వండి ఉండరు. ఆరేళ్ల తన్మయి, మూడేళ్ల నీరజ్, పడగ్గదిలో లాప్‌టాప్ ముందు భర్త వేణుమాధవ్. ముగ్గురికీ మూడు వేళల్లో ఆకలి వేసేది. కూరగాయలు ఉప్పునీళ్ళలో నానేవి, పాల ప్యాకెట్లు సబ్బుతో స్నానం చేసి గాని ఇంట్లోకి వచ్చేవి కావు. వసుమతి ఒక ఉపాయం ఆలోచించింది. హరికథ చెప్పేవాళ్ళు ఎలాగూ నిలబడే చెబుతారు కదా, వంటింట్లో పోపుల డబ్బాకి ఫోను ఆనించి, నిలబడే పాఠం వింటే వంటా సాగుతుంది, సాధనా సాగుతుంది. నెలల తరబడి అలాగే చేసింది. ఒకసారి గురువుగారితో కాస్త గర్వంగా చెప్పింది కూడా. ఆవిడ ఊఁ కొట్టారు, అంతే.

సాధన సాగింది గాని కథ నిలవలేదు. అప్పుడు నేర్చుకుంటున్నది ధ్రువోపాఖ్యానం. తండ్రి ఒడిలో చోటు కోసం వెళ్ళిన పసివాణ్ణి సవతితల్లి గెంటేసే ఘట్టం. ఆ పిల్లవాడికి దొరకని చోటు గురించి లోకమంతా కన్నీళ్లు పెడుతుంది. అతని కన్నతల్లి సునీతికి ఆ కొలువులో పీట వేశారా అని ఎవరూ అడగరు. సరిగ్గా ఆ సునీతి మాటల దగ్గరికి రాగానే వసుమతికి అడుగు తప్పేది, మాట జారిపోయేది. రాగి సంకటి మాడిపోయిన ఒక శనివారం ఆమె ఫోను పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"అమ్మగారూ, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా మానేయనా?"

ఆ మాట ఎంతసేపు గొంతులో పెట్టుకుందో ఆమెకే తెలుసు. పెద్దయ్యేదాకా అంటే ఏమిటో కూడా తెలుసు. వాళ్ళ వీధిలో పిల్లలు పెద్దయ్యేదాకా వీణని అటక మీద పెట్టిన ఆడవాళ్ళు ఇద్దరున్నారు. పిల్లలకి పిల్లలు పుట్టారు, వీణలు అటక మీదే ఉన్నాయి. త్రిపురసుందరమ్మగారు రేపు ఆదివారం పదకొండింటికి ఫోను చెయ్యమని పెట్టేశారు.

ఆ ఆదివారం వాళ్ళు అరకు వెళ్ళాల్సిన రోజు. రైలు టిక్కెట్లు ఎప్పుడో రద్దయ్యాయి. కింది వాటాలో ఎవరికో కరోనా వచ్చిందని అపార్టుమెంటు గేటుకి వెదురు కర్రలు కట్టారు కూడా. నీరజ్ పొద్దున్నే చెప్పులు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. వేణుమాధవ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం సులువయ్యేది. కొడుకు ముఖం చూసి అతనే భోజనాల బల్ల చుట్టూ ఉన్న ఆరు కుర్చీలు హాల్లోకి లాగి వరసగా పేర్చాడు. బల్ల మీద దుప్పటి కప్పితే బొర్రా గుహలు. వసుమతి పాత చీరలు రెండు కుర్చీల మీదుగా కడితే సొరంగాలు. మొదటి కుర్చీలో అతనే డ్రైవరు. తన్మయి టీసీ. మాస్కు లేనివాళ్ళని ఎక్కించుకోనని చెప్పి బొమ్మకి కూడా మాస్కు కట్టింది. పిల్లలు కేకలు వేస్తూ నవ్వుతుంటే, ఇలా నవ్వి ఎన్నాళ్లయిందో అనుకుంటూ వసుమతి మూకుట్లో నూనె పోసింది. అరకు రైల్లో సమోసాలు ఉండాలట.

పదకొండింటికి ఆమె ఫోను కలిపి మాట్లాడబోయేలోపే తన్మయి లాక్కుపోయింది. అమ్మమ్మగారు కూడా అరకు వస్తారని చెప్పి, చివరి కుర్చీలో దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. త్రిపురసుందరమ్మగారు అభ్యంతరం చెప్పలేదు. మాస్కు ఏదని టీసీ గద్దిస్తే పైట చెంగు ముక్కు మీదికి లాక్కున్నారు. రైలు కూత పెట్టింది. వసుమతి పళ్ళెంలో సమోసాలు పట్టుకుని ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. నీరజ్‌కి చల్లార్చి ఇచ్చింది, డ్రైవరుకి నోట్లో పెట్టింది.

"ఏవమ్మా టీసీ, నా పక్క సీటు ఎవరిది?" అని అడిగారు త్రిపురసుందరమ్మగారు.

"సామాన్లదండీ."

"దాని ముందుది?"

"బొమ్మది."

"మరి మీ అమ్మదో?"

తన్మయి తల్లి వంక చూసింది. ఆ చూపులో తప్పు చేశానన్న భావం లేదు, ఇదేం ప్రశ్న అన్న ఆశ్చర్యమే ఉంది. "అమ్మకి సీటెందుకండీ? అమ్మ సమోసాలు అమ్ముతుంది కదా."

వేణుమాధవ్ పకపకా నవ్వాడు. వసుమతి కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీల వరస వైపు చూసింది. సంచీకి సీటుంది, బొమ్మకి సీటుంది, ఆఖరికి ఫోనుకి కూడా సీటుంది. ఎవరూ ఆమెని కాదనలేదు. ఆమెకీ తట్టలేదు. కుర్చీలు తుడిచి ఇచ్చింది తనే. నవ్వు ఆమె ముఖం మీద ఎక్కడో ఆగిపోయింది. ఫోనులో త్రిపురసుందరమ్మగారు నవ్వలేదు.

"నాకు పళ్ళు లేవు తల్లీ, సమోసాలు తినలేను. పక్కన మనిషి లేకపోతే దారి పొడుగునా తోచదు నాకు. ఆ సంచీ కింద పెట్టించు."

తన్మయి నిక్కచ్చి అయిన టీసీ. సంచీని కిందికి తోసి, తల్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "ఇది కిటికీ సీటు, ఇది నీది" అని కూర్చోబెట్టింది. కుర్చీ పక్కనే నిజంగానే కిటికీ ఉంది. పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలియక వసుమతి ఒళ్లో పెట్టుకుంది. త్రిపురసుందరమ్మగారు గొంతు సవరించుకుని, ఏ ముందుమాటా లేకుండా ధ్రువోపాఖ్యానం ఎత్తుకున్నారు.

పద్యం సగంలో ఉండగా నీరజ్ నీళ్ళన్నాడు. "ఆఁ, వస్తున్నా" అంటూ వసుమతి లేవబోయింది. తన్మయి ఆమె భుజం మీద చెయ్యి వేసి అదిమింది.

"సొరంగంలో లేవకూడదమ్మా. తల తగుల్తుంది."

వసుమతి కూర్చుంది. నీరజ్ గొంతు పెంచాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. వసుమతి లేస్తుందని ఎదురుచూశాడు. అది అతని తప్పని అనలేం. సూర్యుడు లేస్తాడని చూసినట్టే చూశాడు. ఆమె లేవలేదు. కథ సాగుతోంది, పిల్లవాడు ఏడుపుకి సిద్ధమవుతున్నాడు, వసుమతి రెండు చేతులూ పళ్ళెం అంచుని గట్టిగా పట్టుకున్నాయి. ఆ కాసేపట్లో ఆమె మోకాళ్ళు ఎన్నిసార్లు లేచి కూర్చున్నాయో ఆ మోకాళ్ళకే తెలియాలి. చివరికి డ్రైవరు పొడుగ్గా కూత పెట్టి, శిమిలిగూడ స్టేషనొచ్చిందని ప్రకటించి, ఇంజను దిగి వంటింట్లోకి వెళ్ళాడు.

నీళ్ళ గ్లాసు వెంటనే రాలేదు. గ్లాసులెక్కడున్నాయని ఒక కేక, ఆ తరవాత ఏదో కిందపడ్డ చప్పుడు. వసుమతి నోరు తెరిచింది. తన్మయి వేలు చూపించింది. వసుమతి నోరు మూసుకుంది. గ్లాసులు దొరికాయి, అవి ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. తరవాత నీరజ్‌కి మరో సమోసా కావాల్సి వచ్చింది. అది ఒక పక్క నల్లగా, ఒక పక్క పచ్చిగా వచ్చింది. వాడు దాన్ని ఊదుకుంటూ తిన్నాడు. అమ్మ సమోసా కంటే ఇదే బావుందన్నాడు, ద్రోహి. డ్రైవరు లేని ఇంజనులోకి తన్మయి వెళ్ళి కూర్చుంది. రైలు మళ్ళీ కదిలింది.

వసుమతి కిటికీ పక్కన కూర్చుని వింది. కొలువు నుంచి ఏడుస్తూ వచ్చిన కొడుకుని సునీతి దగ్గరికి తీసుకుంటుంది. ఆ మాటలు ఆమె అదివరకు చాలాసార్లు విన్నదే. కుక్కర్ కూతల మధ్య, కుళాయి చప్పుడు మధ్య విన్నది. ఆ తల్లి గొంతులో కొడుకు మీద జాలి మాత్రమే ఉందనుకునేది. ఇప్పుడు కదలకుండా వింటే ఆ జాలి కింద ఇంకేదో ఉంది. కోపం. ఎవరూ కూర్చోమనని మనిషి కోపం. గురువుగారు ఆ మాట దగ్గర గొంతు పెంచలేదు, తగ్గించారు. ఆ తగ్గించడం నిలబడ్డ చెవికి ఇన్నాళ్లూ అందలేదు. ఎప్పుడు వచ్చి ఎక్కాడో నీరజ్ ఆమె ఒళ్లో పళ్ళెం పక్కకి తోసి అక్కడే నిద్రపోయాడు. వాడి తల బరువుగా, చెమటగా ఉంది. ఆమె వాణ్ణి దించలేదు, తానూ లేవలేదు.

ఘట్టం ముగిసింది. వంటింట్లో వేణుమాధవ్ మూకుడు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. తోమడం వచ్చినవాడి చప్పుడు కాదది. వసుమతి కళ్ళు తుడుచుకుని, పిల్లవాడు లేవకుండా మెల్లగా, "అమ్మగారూ, నిన్న నేనొకటి అడిగాను" అంది.

త్రిపురసుందరమ్మగారు అప్పటికే కళ్ళజోడు తీసి ఫోను ఎక్కడ నొక్కి ఆపాలో వెతుక్కుంటున్నారు.

"పాఠం అయిందమ్మా. రేపు ఇదే వేళకి రైలెక్కు."

రెండేళ్ల తరవాత సామర్లకోటలో వసుమతి మొదటిసారి ఒంటరిగా ధ్రువోపాఖ్యానం చెప్పింది. ఆ రోజు పిల్లలిద్దరికీ జ్వరం. ఆమె వెళ్ళింది.