తాయారమ్మ గారి గడ్డికి నీళ్ళు పెట్టిన వైనం

కంకరపాడు ఎన్జీవోల కాలనీలో తెలివి ఎక్కడుందని అడిగితే, ఏడో వీధి చివర యోచనవారి ఇంట్లో ఉందని యోచనవారే చెబుతారు. ఇంకెవరూ చెప్పరు గనక పాపం వాళ్ళే చెప్పుకోవాలి. పెద్దవాడు శేషాద్రి, నడిమివాడు వటపత్రం, చిన్నవాడు రంగడు, శేషాద్రి పెళ్ళాం ఆండాళ్ళు. నలుగురూ పొద్దున్నే కాఫీ తాగుతూ, "లోకంలో ఇంతమంది తెలివితక్కువ వాళ్ళున్నారే, వీళ్ళకి రోజెలా గడుస్తుందో!" అని జాలిపడేవాళ్ళు. వీళ్ళకి రోజు గడుస్తున్నది మాత్రం మేనత్త తాయారమ్మ గారి ఇంటి వెనక వాటాలో, ఆవిడ దయ మీద.

తాయారమ్మ గారు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి, ఆపరేషనుకు హైదరాబాదు బయల్దేరుతూ మేనల్లుళ్ళని ఇంటి ముందున్న గడ్డి దగ్గరికి పిలిచింది.

"ఒరే శేషూ, ఆపరేషనయ్యాక పొద్దున్నే వట్టి కాళ్ళతో నడుద్దామనే ఈ గడ్డి వేయించాను. నెలన్నరలో వస్తా. పచ్చగా ఉందా, మీరూ ఉంటారు. ఎండిందా, మీ చాపలూ చెంబులూ సర్దుకుని బయల్దేరడమే."

"గడ్డికి నీళ్ళు పొయ్యడం కూడా మాకు చెప్పాలా అత్తయ్యా?" అన్నాడు శేషాద్రి నొచ్చుకుని.

"చెప్పాలి. ఎండ రాకముందే పెట్టండి. ఎండలో పోస్తే సగం ఆవిరైపోతుంది" అని ఆవిడ ఆటో ఎక్కింది.

మర్నాడు అయిదింటికే లేచారు. పైపు ఎవరు పట్టుకోవాలి, కుళాయి ఎవరు తిప్పాలి, "ఇక తిప్పు" అని ఎవరు అనాలి అని తేల్చుకునేసరికి ఎండ గోడెక్కింది. అంతే, పైపు చుట్టేశారు. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు ఆండాళ్ళు అంది, "మనం హడావిడి పడటం ఎందుకండీ? ఎండనే కాసేపు ఆపితే సరిపోతుందిగా!"

ఇంకేముంది, తూర్పు గోడ మీద దుప్పట్లు కట్టారు. సూర్యుడు దుప్పటి దాటితే వెదురు గడలు పాతి దాని పైన చీర. చీర దాటితే ఇంకో చీర. చివరికి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆండాళ్ళు చీరలే. మిట్టమధ్యాహ్నం గడ్డి మీద ఎండ పొడ లేదు. "ఊరంతా తెల్లారిందేమో గానీ మనింట్లో ఇంకా తెల్లారలేదు" అనుకుంటూ భోంచేసి, చిన్న కునుకు తీసి, తీరిగ్గా నీళ్ళు పెట్టారు. వారం తిరిగేసరికి గడ్డి టైఫాయిడ్ నుంచి లేచిన మనిషిలా పాలిపోయింది.

భయమేసి, ఆ గడ్డి వేసిన నర్సరీ మస్తాన్‌ని పిలుచుకొచ్చారు. అతను ముందు చీరలన్నీ పీకించాడు.

"గడ్డికి ఎండ కావాలి బాబూ. నీళ్ళు పోసేటప్పుడే వద్దంది అమ్మగారు. రోజూ పొయ్యక్కర్లేదు, ఆదివారం, గురువారం పొయ్యండి చాలు. మధ్యలో ఒక గిన్నె పెట్టుకోండి. గిన్నెలో అర అంగుళం నీళ్ళు నిలిచాయా, కుళాయి కట్టెయ్యండి."

ఆదివారం ఆండాళ్ళు గిన్నె తెచ్చి గడ్డి మధ్యలో పెట్టింది. వటపత్రం స్కేలు పట్టుకుని కూర్చున్నాడు. రంగడు గ్లాసుతో నీళ్ళు తెచ్చి జాగ్రత్తగా గిన్నెలో పోశాడు. అర అంగుళం! కుళాయి కట్టేశారు.

"ఒక్క గ్లాసుతో అయ్యే పనికి అత్తయ్య ఇన్నాళ్ళూ గంటల తరబడి పైపు పట్టుకుని నిలబడిందే" అని శేషాద్రి నవ్వాడు. "అందుకే మోకాళ్ళు పోయాయి."

కాకి ఒకటి వచ్చి గిన్నెలో నీళ్ళు తాగడం మొదలెట్టింది. "అన్నయ్యా, గడ్డి నోటి దగ్గర నీళ్ళు కాకి లాగేస్తోంది!" అని రంగడు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. అలా రెండు వారాలు కాకిని ఓడించారు. గడ్డి పసుపు రంగుకు తిరిగింది.

మస్తాన్ మళ్ళీ వచ్చి తల పట్టుకున్నాడు. "గిన్నెకి కాదయ్యా, గడ్డికి పొయ్యమన్నా! గిన్నె కొలత కోసం. అదీ ఒక్కచోటే కాదు, అక్కడొకటి ఇక్కడొకటి పెట్టి చూసుకోండి. నీళ్ళు అంతటా ఒకేలా పడాలి."

అతను వెళ్ళాక శేషాద్రి బుర్రకు పదునుపెట్టాడు. "అక్కడొకటి ఇక్కడొకటి పెడితే మధ్యలో గడ్డి ఏం పాపం చేసింది? అంతటా అన్నాడు. అంతటా పెడదాం."

అంతే, తెలిసిన వంటవాళ్ళ దగ్గరికి పోయి పప్పు గిన్నెలు, గంగాళాలు, సాంబారు బకెట్లు, పళ్ళాలు బండి మీద తెచ్చారు. గడ్డిపోచ కనపడకుండా పరిచారు. గురువారం పైపు పెట్టి అన్నిట్లోనూ నింపారు, ఒక్క చుక్క కింద పడకుండా. పడితే వృథా కదా!

మంగళవారం పొద్దున్న ఉరుము ఉరిమింది. వటపత్రం గుండె బాదుకున్నాడు. "కొంప మునిగింది అన్నయ్యా! ఇవాళ మంగళవారం. మస్తాన్ ఆది, గురువారాలే అన్నాడు!"

చినుకు పడేలోపు పరుగున పోయి షామియానా తెచ్చి గడ్డి మీద వేయించారు. వాన దంచి కొట్టింది. కాలనీలో అందరి ఇళ్ళ ముందూ కలుపు మొక్కలు కూడా పచ్చబడ్డాయి. తాయారమ్మ గారి గడ్డి మాత్రం షామియానా కింద, గంగాళాల అడుగున, పొడిగా, క్షేమంగా ఉంది.

వాన వెలిశాక జనం బయటికొచ్చి చూశారు. షామియానా, గంగాళాలు. ఇంకేముంది, సగంమంది శుభకార్యమనుకుని పట్టుబట్టలు కట్టుకొచ్చారు. సగంమంది తాయారమ్మ గారు పోయారనుకుని మొహాలు వేలాడేసుకొచ్చారు. రెండు జట్లూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటూ కూర్చుని వడ్డన కోసం ఎదురుచూశాయి. పక్కింటి గవర్రాజు మాస్టారు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇదంతా ఎవరి కోసం నాయనా?"

"ఇంకెవరి కోసమండీ? అత్తయ్య కోసమే" అన్నాడు శేషాద్రి. "హైదరాబాదులో ఆపరేషనైంది."

మాస్టారు కళ్ళు తుడుచుకుని, ఆసుపత్రిలో తోడున్న వాళ్ళని ఓదారుద్దామని అక్కడికి ఫోను చేశాడు. "తాయారమ్మ గారు పోయారటగా" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"శేషాద్రేనమ్మా. షామియానా కూడా వేశారు. ఇంతకీ మీరెవరు?"

"తాయారమ్మని. భోజనాలు ఎన్నింటికో కనుక్కుని చెప్పండి."

ఆ సంగతి మస్తాన్‌కి తెలిసి మూడోసారి వచ్చాడు. షామియానా లాగించి, గిన్నెలు తీయించి, ఎండిన నేల గోటితో గీకి చూసి అరిచాడు. "పైపైన తడిపితే లాభం లేదు. నీళ్ళు వేరుకు అందాలి! వేరుకు!"

ఆ మాట మాత్రం వాళ్ళకి బాగా ఎక్కింది.

"వేరు అడుగునుంది. నీళ్ళు పైన పడుతున్నాయి. తప్పెవరిది?" అని అడిగాడు శేషాద్రి.

"గడ్డిదే" అన్నాడు రంగడు. "నీళ్ళకీ వేరుకీ మధ్య అడ్డంగా నిలబడింది."

ఆ గడ్డిని మస్తాన్ అప్పట్లో చాప ముక్కల్లా పలకలు పలకలుగా తెచ్చి పరిచాడు. నలుగురూ కొంగులూ పంచెలూ బిగించి, ఒక్కో పలకా ఎత్తి, తిరగేసి పరిచారు. పచ్చ కిందికి, వేళ్ళు ఆకాశానికి. పైపు పెట్టారు. నీళ్ళు తిన్నగా వేళ్ళ మీదే పడుతుంటే ఆండాళ్ళు చప్పట్లు కొట్టింది. "ఇంత చిన్న ముక్క ఆ మస్తాన్‌కి తట్టలేదు చూడండి. పైగా నర్సరీ అట!"

శనివారం పొద్దున్నే తాయారమ్మ గారు రైలు దిగి, చేతికర్రతో వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. ఇంటి ముందంతా మట్టీ, వేళ్ళూ.

"గడ్డేదిరా?"

"కిందుందత్తయ్యా" అన్నాడు శేషాద్రి గర్వంగా. "చల్లగా పడుకుంది."

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. మెట్టు మీద కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. "నెలన్నర ఆ మంచం మీద ఒకటే అనుకున్నానురా. ఇంటికెళ్ళి గడ్డి మీద నాలుగడుగులు వేస్తే నొప్పంతా మర్చిపోతానని." తర్వాత ఆవిడ కళ్ళు తుడుచుకుని, "సాయంత్రానికి చాపలు సర్దుకోండి" అంది.

కబురందుకుని మస్తాన్ వచ్చాడు. పలకలన్నీ మళ్ళీ తిరగేసి పరిచి, వేళ్ళు నలిపి చూశాడు. "మధ్య వరసకి కాస్త ప్రాణముందమ్మా. అది బతికితే మిగతాది అల్లుకుంటుంది. కానీ పదిహేను రోజులు ఎవరూ కాలు పెట్టకూడదు. మీరు కూడా."

తాయారమ్మ గారు తలొంచుకుంది. యోచనవారు గోడ పక్కకి పోయి సమావేశమయ్యారు.

"అత్తయ్య నడవాలి. గడ్డి మీద కాలు పడకూడదు. రెండూ జరగకపోతే మనకి కొంప లేదు" అన్నాడు శేషాద్రి.

రంగడు అన్నల చెవిలో ఏదో చెప్పాడు. అన్నదమ్ములు ముగ్గురి మొహాలూ వెలిగాయి. పరుగున వచ్చి, ప్రాణమున్న ఆ మధ్య వరస మీదే, ఒకడి కాళ్ళ దగ్గర ఒకడి తల వచ్చేట్టు, బోర్లా పడుకున్నారు. అక్కడైతే కాస్త మెత్తగా ఉందట.

"నడువత్తయ్యా! నీ కాలు గడ్డి మీద పడదు. మా మీదే పడుతుంది!"

మస్తాన్ తన బుట్ట తీసుకుని, గేటు వేసుకుని వెళ్ళిపోయాడు.

తాయారమ్మ గారు ముగ్గుర్నీ ఎగాదిగా చూసింది. చెప్పులు విడిచింది. చేతికర్ర ఒక చేత్తో, ఆండాళ్ళు భుజం ఇంకో చేత్తో పట్టుకుని శేషాద్రి వీపెక్కింది. మడమ బాగా నొక్కింది. అక్కణ్ణించి వటపత్రం, ఆ తర్వాత రంగడు. మళ్ళీ వెనక్కి.

"ఎలా ఉందత్తయ్యా?" అన్నాడు శేషాద్రి మట్టిలోంచి.

"మెత్తగానే ఉందిరా. డాక్టరు ఆరు రౌండ్లన్నాడు."

ఆరో రౌండుకి ఆవిడ మొహంలో రక్తం తిరిగింది. దిగి, ఊపిరి పీల్చుకుని, "చాపలు సర్దక్కర్లేదు. రేపు పొద్దున ఆరింటికి రండి, ఇక్కడే పడుకుందురు గాని" అని లోపలికి పోయింది.

వాళ్ళ పొట్టల కింద ఆ వరస గడ్డి రోట్లో పచ్చడైనట్టు నలిగి చచ్చింది. శేషాద్రి లేవలేక లేవలేక తల పైకెత్తి, నోట్లో మట్టి ఉమ్మి, తమ్ముళ్ళతో అన్నాడు, "చూశార్రా! ఊళ్ళో అత్తలంతా గడ్డి మీద నడుస్తారు. మన అత్తయ్య తెలివి మీద నడిచింది."