దేవసహాయం దిద్దిన చుక్కాని

సఫిల్‌గూడ అన్నాజీరావు మాస్టారిని ఎవరైనా పాఠం మధ్యలో పెద్ద ప్రశ్న అడిగితే, ఆయన ముందు కమాను బిగువు సడలించి ఫిడేలు పెట్టెలో పెట్టేసేవారు. ఇక ఆ పూటకు పాఠం లేదని మాకు అర్థమయ్యేది. వాదన ఆయనకు సరిపడదు. తాను కళ్లారా చూసిన ఏదో ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. దాన్ని ఏం చేసుకోవాలన్నది అడిగినవారి పని.

ఆ రోజు అడిగింది అరుంధతి. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్లలో అందరికంటే పెద్దది, నలభై దాటిన మనిషి, కాలేజీలో సంగీతం చెబుతుంది. చిన్నప్పుడు అమలాపురంలో కనకదుర్గమ్మ గారి దగ్గర పదకొండేళ్లు వీణ నేర్చుకుంది. ఆవిడ పోయాక, ఆవిడ తన చేత్తో స్వరాలతో సహా రాసుకున్న కృతుల పుస్తకం అరుంధతికి దక్కింది. దాన్ని అచ్చు వేయించాలని పూనుకుని, పేరున్న అచ్చు పుస్తకాలతో పోల్చి చూసేసరికి అరవై మూడు చోట్ల తేడాలు తేలాయి. వాటన్నిటికీ పట్టిక రాసింది. దిద్దితే గురువును నలుగురిలో తప్పుపట్టినట్టు. దిద్దకపోతే తెలిసి తెలిసి పిల్లల చేత తప్పు పాడించినట్టు. నెలాఖరుకు ప్రెస్సుకు ఇస్తానని మాట ఇచ్చేసింది. తోటి శిష్యుల్లో సగం మంది ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నారట, మిగతా సగం దిద్దకుండా వేస్తే నవ్వులపాలవుతావన్నారట.

“మాస్టారూ, గురువు రాసినదాంట్లో తప్పు కనిపిస్తే దిద్దడం ధర్మమా, ద్రోహమా?” అని అడిగింది.

మాస్టారు కమాను సడలించారు. కాసేపు కిటికీలోంచి పక్కింటి గోడ వైపు చూసి, దేవసహాయం సంగతి చెప్పారు.

దేవసహాయం ఆ పక్కింట్లో ఉండేవాడు. బాపట్ల దగ్గరి మనిషి. పద్దెనిమిదో ఏట వైమానిక దళంలో చేరి, విమానాల రెక్కలూ తోకలూ విప్పి బిగించే ఫిట్టర్‌గా చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాడు. తర్వాత ప్లాస్టిక్ ముక్కలు అతికించి విమానాల నమూనాలు చేయడం మొదలుపెట్టాడు. జానెడు నమూనాకు నాలుగైదు నెలలు పట్టేది. సాయంత్రం పాఠాలు అయ్యాక మాస్టారు వెళ్లి ఆ బల్ల పక్కన కూర్చునేవారు. ఇద్దరికీ పెద్దగా మాటలు ఉండేవి కావు. ఒకరి పని ఇంకొకరికి తెలియదు కాబట్టి సలహాల బెడదా లేదు.

ఆరేడేళ్ల కిందట ఒక రోజు హైమవతి అనే ఆవిడ విజయనగరం నుంచి ఒక పాత అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ఆవిడ తండ్రి పైడినాయుడు గారు వైమానిక దళంలో వారంట్ ఆఫీసరు. దేవసహాయానికి పని నేర్పిన మనిషి ఆయనే. అంతకు రెండు నెలల ముందే కాలం చేశారు. పోయే ముందు, “బీరువా మీద ఉన్న విమానం దేవసహాయానికి ఇవ్వండి” అని మాత్రం అన్నారట. ఎందుకో చెప్పలేదు.

పెట్టెలో హార్వర్డ్ శిక్షణ విమానం నమూనా ముక్కలు ఉన్నాయి. అరవైల నాటి సరుకు, ఎవరో విదేశీ ఇంజనీరు నాయుడు గారికి బహుమతిగా ఇచ్చింది. పోత చట్రాల నుంచి ఒక్క ముక్క కూడా విడదీయలేదు. దేవసహాయం మొదట పనిచేసింది హార్వర్డ్‌ల మీదే, నాయుడు గారి కింద. చేరిన కొత్తలో ఒకసారి, తోక చివర విమానాన్ని అటూ ఇటూ తిప్పే చుక్కాని కీలుకు బోల్టు బిగించి, దానికి అడ్డంగా దూర్చాల్సిన చిన్న పిన్ను మరిచిపోయాడు. ఆ విమానం మర్నాడు గాల్లోకి లేవాలి. నాయుడు గారు చేయి పెట్టి తడిమి పట్టుకున్నారు. తిట్టలేదు, పైవాళ్లకు రాయలేదు. ఆ రోజంతా వరసలో ఉన్న ప్రతి హార్వర్డ్ తోకనూ చేత్తో తడిమించారు. ఆ తర్వాత ఏడేళ్లు దేవసహాయం ఆ తోకల్ని తడుముతూనే ఉన్నాడు. పెట్టె తెరిచిన సాయంత్రం ఈ సంగతంతా మాస్టారికి చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు. నాయుడు గారి సంవత్సరీకానికి విమానం తయారుచేసి ఇస్తానని హైమవతికి మాట ఇచ్చాడు.

పని మొదలయ్యాక తెలిసింది, ఆ నమూనా తప్పుల పుట్ట అని. దేవసహాయం దగ్గర హార్వర్డ్ కొలతల డ్రాయింగ్ ఒకటి ఉంది, ఏదో విదేశీ పత్రికలో అచ్చయినదానికి జిరాక్సు. ఒక్కొక్క ముక్కనూ దాని మీద పెట్టి చూశాడు. అసలు విమానానికి డెబ్బై రెండో వంతు నమూనా అది. ఇందులో ఒక మిల్లీమీటరు తేడా అంటే అసలులో దాదాపు మూడంగుళాలు. ఇంజను చుట్టూ ఉండే డొప్ప పొట్టిగా ఉంది. పైలట్ల మీది అద్దాల కప్పు మరీ ఎత్తు. చక్రాల కాళ్లు పొడుగు. ఒంటి నిండా రివెట్లు పొక్కుల్లా పైకి లేచి ఉన్నాయి. ఆ లెక్కన అసలు విమానం మీద ఒక్కొక్కటీ నిమ్మకాయంత ఉండాలి. ఇక తోక చివర చుక్కాని కింది భాగం డ్రాయింగ్‌లో కంటే వెడల్పు.

దేవసహాయం ఉత్సాహంగా దిగాడు. డొప్పను కోసి మధ్యలో ప్లాస్టిక్ పట్టీ అతికి పొడుగు చేశాడు. రివెట్లను తడి ఎమిరీ కాగితంతో రుద్ది నున్నగా చేశాడు. కొయ్య అచ్చు చెక్కి, పల్చటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి దాని మీద లాగి, అద్దాల కప్పు కొత్తది చేశాడు. కాళ్లు కత్తిరించాడు. చుక్కాని అంచును ఆకురాయితో అరగదీసి డ్రాయింగ్‌లోని గీతకు దింపాడు. ఒక్కొక్క తప్పు సరి అవుతున్న కొద్దీ అతని మాటలో ఒక రకమైన హుషారు వచ్చిందని మాస్టారు గమనించారు. ఆ కంపెనీవాళ్లు విమానాన్ని చూడకుండానే అచ్చు పోసినట్టున్నారని నవ్వేవాడు. నాయుడు గారు అన్నేళ్లు ఇంట్లో ఉంచుకుని కూడా ఇందులో ఇన్ని లోపాలున్నాయని కనిపెట్టలేకపోయారే అని ఒకసారి ఆశ్చర్యపోయాడు. అన్నాక తనే కాస్త ఇబ్బందిగా తల దించుకుని మళ్లీ పనిలో పడ్డాడు.

రంగులు వేసే ముందు చక్రాల గూడు లోపలి రంగు గుర్తుకు రాక, ఒక శిక్షణ కేంద్రంలో ప్రదర్శనకు నిలబెట్టిన పాత హార్వర్డ్‌ను చూడటానికి అనుమతి తెచ్చుకున్నాడు. తోడు రమ్మంటే మాస్టారు కూడా వెళ్లారు. రంగు చూసుకోవడం రెండు నిమిషాల్లో అయిపోయింది. వెనక్కి తిరుగుతూ దేవసహాయం అలవాటు కొద్దీ తోక దగ్గర ఆగి, చుక్కాని మీద చేయి వేశాడు. పైనుంచి కిందికి అంచు వెంట నిమిరాడు. కింది భాగంలో చేయి ఆగిపోయింది. మళ్లీ పైనుంచి నిమిరాడు.

తర్వాత సంచిలోంచి టేపు తీసి, ఒక కొస మాస్టారి చేత పట్టించి కొలిచాడు. కాగితం మీద డెబ్బై రెండుతో భాగారం వేశాడు. మూడుసార్లు కొలిచాడు, మూడుసార్లూ ఒకటే లెక్క. చుక్కాని వెడల్పు కంపెనీవాళ్లు పోసినంతే ఉంది. తప్పు డ్రాయింగ్‌ది. దాన్ని గీసినవాడు ఏటవాలుగా తీసిన ఫోటో చూసి గీసుంటాడు.

ఎండలో నిలబడి దేవసహాయం తన అరచేతిని చూసుకుంటూ, “ఏడేళ్లు పట్టుకున్న చెయ్యండీ ఇది. దీన్ని ఒక్కమాట అడగలేదు నేను” అన్నాడు.

అక్కడితో ఊరుకోలేదు. ఎలాగూ వచ్చాను కదా అని మిగతావన్నీ కొలిచాడు. డొప్ప, కప్పు, కాళ్లు, మూడు చోట్లా డ్రాయింగే సరి, నమూనాయే తప్పు. రివెట్ల సంగతి కొలవక్కర్లేదు. రెండు రోజులు ఆ గదిలో దీపం వెలగలేదు. మూడో రోజు మాస్టారు వెళ్లేసరికి ప్లాస్టిక్ రేకు ముక్క ఒకటి చుక్కాని అంచుకు అతికిస్తున్నాడు. అరగదీసిన పొడి ఎప్పుడో ఊడ్చేశారు. నాయుడు గారిచ్చిన ముక్క నాయుడు గారిచ్చినట్టు ఇక తిరిగి రాదు. కొత్త అంచు కుదరడానికి నాలుగుసార్లు పట్టింది. కుదిరాక కూడా వేలితో రాస్తే అతుకు తగులుతూనే ఉంది.

సంవత్సరీకానికి వారం ముందు హైమవతి వచ్చింది. విమానం అంతా తయారైంది, ఒక్క తోకకు తప్ప రంగు కూడా పడింది. పసుపు ఒంటి చివర రంగు పడని ఆ బూడిదరంగు ప్లాస్టిక్ చుక్కాని, దాని అంచున తెల్లటి అతుకు. రంగు వేసేస్తే ఎవరికీ కనబడేది కాదు. దేవసహాయం ఆవిడను కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాడు, నాయుడు గారి చూపును శంకించిన మాటతో సహా.

ఆవిడ విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: “అయితే బాబాయ్, నాన్న ఇచ్చింది తప్పుదా, మంచిదా?”

“నాలుగు చోట్ల అది తప్పమ్మా. ఒక్క చోట నేను తప్పు.”

నాయుడు గారికి ఆ నాలుగూ తెలుసో లేదో, తెలిసే ఆ పెట్టె ఇటు పంపారో, ఆవిడకూ తెలియదు. ఆయన దాన్ని అప్పుడప్పుడూ కిందికి దించి ముక్కల్ని చేత్తో తడిమి మళ్లీ పెట్టేసేవారని మాత్రం చెప్పింది. దేవసహాయం తల వంచుకుని విన్నాడు. తోకకు రంగు వేయనా వద్దా అని అడిగాడు. వేయమంది. పని సగంలో వదిలేస్తే నాన్న ఊరుకునేవారు కారంది. ఆవిడ చూస్తుండగానే కుంచె తీసి వేశాడు.

మాస్టారు అక్కడ ఆపేశారు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. అరుంధతి తాను రాసిన తేడాల పట్టిక ఉన్న నోటుబుక్కు ఒళ్లో తెరిచి చూసుకుంది. దిద్దమన్నారో వద్దన్నారో తేల్చుకోలేక, ఆఖరికి అదే అడిగింది.

మాస్టారు దానికి బదులివ్వకుండా, కనకదుర్గమ్మ గారు ఆ కృతులు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగారు. ఆ గురువు గారు పోయి చాలాకాలమైందని అరుంధతి చెప్పింది. ఆవిడతో కలిసి అక్కడ నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అరుంధతి కాస్త ఆలోచించి, రాజోలులో ఒకావిడ ఉండాలంది. సుభద్రమ్మ గారని, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నారని కనకదుర్గమ్మ గారు చెబుతుండేవారట. వీణ ముట్టుకోలేరు గానీ ఇప్పటికీ పాడతారని విన్నదట.

“ఆవిడకు ఎన్నేళ్లు?”

“ఎనభై ఆరు ఉంటాయి, మాస్టారూ.”

మాస్టారు లేచి, ఆమె చెప్పులు విడిచిన గుమ్మం దాకా నడిచారు.

“ప్రెస్సువాళ్లు ఆగుతారమ్మా” అన్నారు.