కోటగుమ్మం పలక

గానుగ సందు చివర నూనె అమ్మే గవిరమ్మ మనిషి మొహం చూసి నెలయింది. ఊళ్లోకొచ్చేవాళ్లు కోటగుమ్మానికి వేలాడే పలకలు చదువుకుని దుకాణాలకు వెళ్తారు. రాజవైద్యుడు శేషభట్టు పలక నిండా బిరుదులే.

గవిరమ్మ ఒక రోజంతా గుమ్మం దగ్గర కూర్చుని బాటసారుల మాటలు విన్నది. వాళ్లు పదేపదే అడిగిందే మర్నాడు తనూ ఒక పలక మీద రాయించి గుమ్మానికి వేలాడదీసింది: "మోకాళ్ల నొప్పికి నూనె, గానుగ సందు చివర."

జనం బారులు తీరారు. శేషభట్టు మండిపడుతూ వచ్చాడు.

"నీకేం బిరుదుందని నీ దగ్గరికొస్తున్నారే?"

"మీ పలక మీరెంత గొప్పవారో చెబుతుంది అయ్యగారూ. నాది వాళ్లకెక్కడ నొప్పో చెబుతుంది."

ఆయన విసవిసా వెళ్లిపోయాడు. సాయంత్రానికి నూనె అయిపోయింది, జనమూ వెళ్లిపోయారు. కాసేపు కూర్చుని మాట్లాడే మనిషి రావాలంటే పలక మీద ఏం రాయాలో మాత్రం గవిరమ్మకు తోచలేదు.