మట్టాలమ్మ కొండ, పళ్ళెం మొక్కు

ముదిగుట్ట ఊరు దాటి ఎర్రమట్టి దారిన క్రోసెడు దూరం నడిస్తే మట్టాలమ్మ కొండ వస్తుంది. కొండ అనడం మర్యాదకే. చుట్టూ ఉన్న కొండల ముందు ఇది గుట్ట. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, గర్భగుడికి తలుపు కూడా లేదు. అయితే దూరం నుంచి చూసేవారికి కొండ చుట్టూ, శిఖరం నుంచి పాదం దాకా, నలభై రెండు రాతికట్టలు వరుసగా కనిపిస్తాయి. వాటి మధ్య సీతాఫలం, కానుగ, నేరేడు పచ్చగా పెరిగి ఉంటాయి. ఎండాకాలంలో తొలిసారి వచ్చిన భక్తులు ఆ నీడలో నిలబడి, ఇది రాయలసీమేనా అని అడగడం మామూలే.

అమ్మవారి విగ్రహం చూసి కూడా కొత్తవారు కొంత తికమకపడతారు. ముక్కు కాస్త వంకర. కుడికన్ను పెద్దది, ఎడమకన్ను చిన్నది. చేతులు రెండూ ఒక మనిషివి కావనిపిస్తుంది. పేరున్న శిల్పులెవరో చెక్కి ఉంటే ఇలా ఉండేది కాదు, నిజమే. అమ్మవారు ఇలా ఉండటానికి కారణమైన కథను పెద్దలు ఈ విధంగా చెబుతారు.

పూర్వం ఇక్కడ చెట్టు సంగతి అటుంచి, గడ్డిపోచ కూడా నిలిచేది కాదు. వాన కురిసిందంటే కొండ మీది మట్టి అంతా కొట్టుకొచ్చి చేలల్లో మేట వేసేది. నీరు గంటలో వాగు దాటి పోయేది. నాలుగో నాటికి ఊరిబావిలో బొక్కెన అడుగు తగిలి మోగేది. ముదిగుట్ట పెద్ద చెన్నప్ప మంచివాడే గాని విసిగిపోయాడు. ఆ యేడు ఉగాదినాడు ఊరివాళ్ళను కూర్చోబెట్టి, ఈసారి వాన కూడా ఇలాగే పోతే ఆరుద్ర కార్తెలో బండ్లు కట్టి ఊరు ఖాళీ చేద్దామని తేల్చి చెప్పాడు.

ఆ మాట అందరికంటే ఎక్కువగా తగిలింది ఎర్రక్కకు. ఎర్రక్క రాతిపని చేసే ఇంటి ఆడబిడ్డ. ఊరిబావి ఆమె తండ్రి నాగప్ప తవ్వినది. ఆ బావి చివరి వరస రాళ్ళు పేరుస్తూనే ఆయన గుండె ఆగి పోయాడు. ఆయన సమాధి కొండ పాదంలో ఉంది. ఊరు లేచిపోతే ఆ బావిలోకి తొంగిచూసేవారుండరు, ఆ సమాధి మీద చెంబెడు నీళ్ళు పోసేవారుండరు. ఎర్రక్కకు అది చావుతో సమానమైంది.

కొండ వాలుకు అడ్డంగా రాతికట్టలు వేస్తే నీరు ఆగి భూమిలోకి ఇంకుతుందని ఊరికి తెలియక కాదు. అంతకు ముందు యేడు అందరూ కలిసి కట్టలు వేశారు కూడా. కాని వేసినవాళ్ళు గొర్రెలకాపరులు. వాళ్ళకు కొండంటే గొర్రెలు నడిచే బాటే. పుట్టినప్పటి నుంచి నడిచిన బాట కాబట్టి అది సమంగా ఉందని వాళ్ళ కాళ్ళు నమ్మాయి. ఆ బాట వెంబడే రాళ్ళు పేర్చారు. బాట నిజానికి మెల్లగా కిందికి వాలుతూ పోతుంది. వాననీరు కట్ట వెంబడి పరుగెత్తి, పల్లపు కొసన అంతా ఒకచోట చేరి, కట్టను బద్దలు కొట్టుకుని పోయింది.

తప్పెక్కడుందో ఎర్రక్కకు ఒక్కదానికే తెలుసు. మట్టం చూడటం నాగప్ప ఆమెకు నేర్పిన విద్య. పళ్ళెం నిండా నీళ్ళు పోసి రాతి మీద పెట్టి, నీటి అంచు మీదుగా చూస్తే ఎదుటి వాలు మీద చూపు ఎక్కడ తగులుతుందో అదే సమానమైన ఎత్తు. అక్కడ రాయి పెట్టాలి. ఇంతే విద్య. అయితే నేర్పిన నాడే తండ్రి ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడు, ఈ చూపు మన ఇల్లు దాటి పోకూడదని. అందుకని ఉగాది దాటాక ఊరివాళ్ళు మళ్ళీ ఆ బాట వెంబడే రాళ్ళు పేర్చసాగినా ఎర్రక్క నోరు మెదపలేదు. పగలు ఊరివాళ్ళు పేర్చిన రాళ్ళను సాయంత్రం వాళ్ళు దిగిపోయాక తానొక్కతే పీకి మళ్ళీ పేర్చేది. పొద్దున వచ్చినవాళ్ళు కట్ట కాస్త జరిగినట్టుంది అనుకునేవారు. ఆమె తల వంచుకుని పని చేసుకునేది. మొండిది. ఆ మొండితనంతోనే రెండు నెలల్లో పై నుంచి పదకొండు కట్టలు సరిచేసింది.

రోహిణి కార్తె వచ్చి అయిదు రోజులైంది. పన్నెండో కట్టలో ఒక గుండును ఒక్కతే దొర్లిస్తుండగా అది వెనక్కి జారి ఆమె కుడిచేతి మీద పడింది. వేళ్ళు నలిగిపోయాయి. కట్టు కట్టిన నాటువైద్యుడు ఈ చెయ్యి ఇక రాయి పట్టదని చెప్పేశాడు. మృగశిర వానకు తొమ్మిది రోజులుంది. ముప్పై ఒక్క కట్టలు మిగిలి ఉన్నాయి.

మరునాటి మిట్టమధ్యాహ్నం ఎర్రక్క ఆపుకోలేని నొప్పితో కొండ మీది పెద్దబండ నీడన ఒరిగింది. కునుకు పట్టింది. కలలో మోచేతుల దాకా ఎర్రమట్టి అంటిన ఒక ఆడమనిషి నెత్తిన రాయి పెట్టుకుని వచ్చి ఎదుట నిలబడింది.

"ఎర్రక్కా, దీన్ని యాడ పెట్టాల?"

"ఆడ దించిపోమ్మా, నేను పెట్టుకుంటా" అంది ఎర్రక్క.

ఆమె దించింది, పోయింది, ఇంకొక రాయితో వచ్చింది. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. అలా రాళ్ళు కుప్పపడి ఎర్రక్క చుట్టూ గోడలా లేచి, ఆకాశం కనబడకుండా పోయింది. అప్పుడు గోడ అవతల నుంచి ఆ మనిషి గొంతు వినిపించింది.

"నువ్వొక్కదానివే పెడతాంటే, నువ్వు లేని పొద్దు ఈ కొండ ఎవరిని అడగాలమ్మా?"

ఎర్రక్క ఉలిక్కిపడి లేచింది. ఏడుపు వచ్చింది, తండ్రి మీద కోపం వచ్చింది, కోపం వచ్చినందుకు మళ్ళీ ఏడుపు వచ్చింది. నేరుగా కొండ దిగి సమాధి ముందు కూర్చుంది. "నాయనా, నీ మాట దాటుతాండా. నీ బావి నిలబడాలంటే నీ మాట నిలబడదు. నన్ను తిట్టుకుంటే తిట్టుకో" అని పైకే చెప్పి, ఊళ్ళోకి నడిచింది.

చెన్నప్ప ఇంటి ముందు నిలబడి ఆమె చేసిన తప్పంతా ఒప్పుకుంది. చాటుగా వాళ్ళ రాళ్ళు పీకిన సంగతీ, తనకు వచ్చిన కలా కూడా దాచలేదు. ఊరు కాసేపు గుర్రుమంది. మరియమ్మ అనే గొర్రెలకాపరి ముసలామె ముందుకు వచ్చి, "అంటే రెండు నెల్లు మా చేత ఉత్తపని చేయించినావు గదే!" అని తిట్టి, వెంటనే, "సరేలే, ఇప్పుడైనా చూపీ. నాకు కండ్లు సగమే కనబడతాయి. నాకు వచ్చిందంటే ఊరందరికీ వచ్చినట్టే" అంది. అందరూ నవ్వారు. పని అక్కడ మొదలైంది.

పళ్ళెం నింపడానికి నీళ్ళు కావాలి. తాగే నీళ్ళకే కటకట. ఇంటికొక గుక్కెడు చొప్పున ప్రతి గడపా పోసింది. ఎర్రక్క తన ఎడమచేత్తో చూపుతూ మొదట మరియమ్మకు, మరి ఇద్దరికి నేర్పింది. ఒక నియమం పెట్టింది. నేర్చుకున్నవారు ముందు ఇంకొకరికి నేర్పాలి, ఆ తరువాతే రాయి ముట్టాలి. చెన్నప్పకు ఇది నచ్చలేదు. వాన ముంచుకొస్తుంటే రాళ్ళు పెట్టకుండా పాఠాలేమిటని కేకలేశాడు. ఎర్రక్క ఒక్క మెట్టు దిగలేదు. మొదటి రెండు రోజులు కట్ట జానెడు కూడా పెరగలేదు. మూడోనాడు ఇరవై పళ్ళేలు కొండెక్కాయి. ఆరోనాటికి ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరూ మిగల్లేదు. గంజి కూడా కొండ మీదే కాచుకున్నారు. చెన్నప్పకు నేర్పింది మరియమ్మే. ఆయన మూడుసార్లు తప్పు పెడితే, మూడుసార్లూ తీయించిందట.

మృగశిర మొదటి రోజున తెల్లవారుతూనే వాన పడింది. ఊరంతా కొండ పాదంలో గొంగళ్ళు కప్పుకుని నిలబడింది. చెన్నప్ప బండి, కాడి మోకులతో సహా, వీధిలో సిద్ధంగానే ఉంది. ఎర్రక్క ఒక్కతే వానలో పైకెక్కింది. మొదటి కట్ట నుంచి నలభై రెండో కట్ట దాకా, ఎక్కడ నీరు పరుగెడుతుందోనని, ఎక్కడ కొస తెగుతుందోనని చూసుకుంటూ నడిచింది. ప్రతి కట్ట వెనకా నీరు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా నిలిచి ఉంది. చివరి కట్ట వరకూ వెళ్ళి వెనక్కి తిరిగి చూసింది. తాను పేర్చిన పదకొండు కట్టలకూ ఊరు పేర్చినవాటికీ ఆమెకు తేడా కనబడలేదు. వానలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. కింద చెన్నప్ప బండి మోకులు విప్పేశాడు.

ఆ యేడు బావిలో నీరు మాఘం దాకా నిలిచింది. కలలో కనిపించిన తల్లిని కొండ మీద నిలపాలని ఊరు కోరింది. చెక్కగలిగిన చెయ్యి ఎర్రక్కది ఒక్కటే, అది ఉలి పట్టదు. అందుకని ఆమె పక్కన కూర్చుని చెబుతుంటే ఊరివాళ్ళు తలా కొంచెం చెక్కారు. ముక్కు చెన్నప్ప పని. ఆ వంకర గురించి ఆయన మనుమల మనుమలు నేటికీ మాటలు పడుతూనే ఉన్నారు. మట్టం నేర్పించిన తల్లి కాబట్టి మట్టాలమ్మ అన్నారు.

నేటికీ రోహిణి కార్తె చివరి ఆదివారం ఇక్కడ పళ్ళెం మొక్కు జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో భక్తులు వచ్చి, వానలకు సడలిన కట్టలను సరిచేస్తారు. ముందు వచ్చినవారి దగ్గర మట్టం చూడటం నేర్చుకుని, వెనక వచ్చినవారికి నేర్పి, ఒక రాయి పెట్టి, అప్పుడు అమ్మను దర్శించాలి. పూజారి ఎవరికీ నేర్పడు. మీ బదులు వేరొకరి చేత రాయి పెట్టించుకుంటే మొక్కు చెల్లదు. అధికారులైనా, వారి బంధువులైనా ఇందులో మినహాయింపు లేదు, దయచేసి అడగవద్దు. ఈ మొక్కు తీర్చినవారి ఇంట బావి ఎండదని, బిడ్డల చేతికి పని అబ్బుతుందని నమ్మకం.

సాయంత్రానికి వరుసలో చివరివారు ఒకరు మిగులుతారు. నేర్పడానికి వారి వెనక ఎవరూ ఉండరు. వారు అమ్మను చూడకుండానే పళ్ళెం తీసుకుని ఇంటికి బయల్దేరాలి. తమ ఊళ్ళో ఒకరికి నేర్పి, వారిని వెంటబెట్టుకుని తిరిగి రావాలి. కిందటేడు అలా మిగిలినది ఆదోని వైపు నుంచి వచ్చిన హసీనాబేగం అనే బడిపంతులమ్మ. పన్నెండో రోజున ఆమె తిరిగి వచ్చింది. వెంట ఒక్కరు కాదు, రెండు లారీల నిండా ఊరు వచ్చింది. వాళ్ళ కొండకు అప్పటికే ఆరు కట్టలు పడ్డాయి.