ఉపదేశి చెప్పిన మూడు అర్థాలు

అనగా అనగా, గోదారి రెండు పాయలుగా చీలి మళ్లీ ఒక్కటయ్యే చోట ఒక లంక ఉండేది. ఆ లంకలో తాటాకు కప్పిన ప్రార్థన మందిరం ఒకటి. ఆ మందిరానికి ఉపదేశి పరంజ్యోతి.

పరంజ్యోతి వాక్యం చెబితే వినేవాళ్లకు వేళ తెలిసేది కాదు. ఎంత చిక్కు వచనమైనా ఆయన చేతిలో పడితే విడిపోవలసిందే. పక్క లంకల వాళ్లు కూడా పడవలెక్కి వచ్చేవారు. "మా ఉపదేశిగారికి తెలియని అర్థం లేదు" అని ఊరు గొప్పగా చెప్పుకునేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు. అది వినయమని జనం అనుకున్నారు.

వినయం కాదు, సిగ్గు.

ఆయనకు రాహేలు అని ఒక చెల్లెలుంది. ఏటి అవతలి గట్టున మగ్గం నేసే వీరభద్రాన్ని ఇష్టపడి పెళ్లాడింది. వీరభద్రం మందిరానికి వచ్చే మనిషి కాడు. లంక గుసగుసలాడింది. ఆ ఏడే వాళ్లమ్మ కన్నుమూసింది. రాహేలు ఏడుస్తూ పరుగున వచ్చి, సమాధి గుంట అంచున నిలబడి, గుప్పెడు మన్ను తీసుకుంది. అప్పుడు పరంజ్యోతి సంఘమంతా చూస్తుండగా గ్రంథం తెరిచి ఒక వచనం చదివాడు. దారి తప్పినవాళ్లకు విశ్వాసుల మధ్య భాగం లేదని దానికి అర్థం చెప్పాడు.

"మన్ను కింద పెట్టు" అన్నాడు.

రాహేలు కింద పెట్టలేదు. గుంటలో వేయనూ లేదు. ఆ మన్ను గుప్పిట్లోనే పట్టుకుని పడవెక్కి వెళ్లిపోయింది. ఆమె మళ్లీ రాలేదు. ఈయన వెళ్లలేదు.

ఏళ్లు గడిచాయి. ఒక కోతపండుగ నాడు జనం కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటి గెలలు తెచ్చి బలిపీఠం ముందు పెడుతున్నారు. ఆనాటి పాఠం ఇలా వచ్చింది: కానుక తెచ్చినవాడా, నీ సహోదరుడి మనసు నీ వల్ల నొచ్చి ఉందని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలిపెట్టు. ముందు వెళ్లి అతనితో తగవు తీర్చుకుని సమాధానపడు. కానుక సంగతి తర్వాత.

చదువుతుంటే పరంజ్యోతి చూపు ఒకసారి ఏటి అవతలికి పోయింది. అయినా సర్దుకుని ప్రసంగం ముగించాడు.

ఆ సాయంత్రమే పడవ నడిపే నతానియేలు వచ్చాడు. "వందనాలయ్యా. నాకూ మా తమ్ముడికీ మాటల్లేవు. ఇద్దరిదీ ఒకటే పడవ. సమాధానపడాలంటే ముందు ఎవరు వెళ్లాలి?"

పరంజ్యోతికి రాహేలు కళ్ల ముందు మెదిలింది. తప్పు ఆమెది కదా అని మనసుకు చెప్పుకుని అన్నాడు: "తప్పు చేసినవాడే వెళ్లాలి."

"అయితే వాడే రావాలి" అని నతానియేలు తేలిక మనసుతో వెళ్లిపోయాడు.

మర్నాడు సారమ్మ వచ్చింది. "అయ్యా, మా పక్కింటి మంత్రసాని నూకాలమ్మతో నాకు పెద్ద గొడవైంది. నోరు జారాను. కానీ ఆవిడ మన మతం కాదు. ఆవిడ కూడా సహోదరి లెక్కేనా?"

పరంజ్యోతికి ఈసారి మగ్గం ముందు కూర్చున్న వీరభద్రం గుర్తొచ్చాడు. "సహోదరుడంటే విశ్వాసి అని అర్థమమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆనందం అనే ముసలాయన కర్ర ఊతంగా వచ్చాడు. చిన్నప్పుడు కలిసి ఈత నేర్చుకున్న ఇస్సాకుతో పంతానికి పోయి పలకడం మానేశాడు. "బాబూ, వెళ్లాలనే ఉంది. ఎప్పుడు వెళ్లమంటావు?"

పరంజ్యోతి కిటికీలోంచి అవతలి గట్టు చూశాడు. "మనసులో సమాధానపడితే చాలు తాతా. సమయం వచ్చినప్పుడు దేవుడే నడిపిస్తాడు" అన్నాడు.

ముగ్గురూ దణ్ణం పెట్టి, ఆయన చెప్పిన అర్థాలు పట్టుకుని ఇళ్లకు వెళ్లారు. వాటి మీదే బతికారు.

వరద వచ్చింది. రేవులో పడవ కట్టు తెంచుకోబోతోంది. ఒక్కడు లాగితే ఒడ్డుకు వచ్చే పడవ కాదది. అన్న ఈ వైపున, తమ్ముడు ఆ వైపున నిలబడ్డారు. తప్పు చేసినవాడు పిలవాలి కదా అని ఇద్దరూ ఎదురుచూశారు. వాళ్లు చూస్తుండగానే పడవ సుడి తిరిగి కొట్టుకుపోయింది. నతానియేలు ఉత్త చేతులతో వచ్చి ఉపదేశి అరుగు మీద కూర్చున్నాడు. ఏటి వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపే పరంజ్యోతికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ వానల్లోనే సారమ్మ కూతురికి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. పక్కింట్లోనే మంత్రసాని ఉన్నా, పిలవడానికి సారమ్మకు నోరు రాలేదు. గోడ అవతల అరుపులు విని నూకాలమ్మే కొంగు బిగించి వచ్చింది. తల్లినీ బిడ్డనూ ఒడ్డున పడేసింది. సారమ్మ ఉపదేశి దగ్గరికి వచ్చి ఏడ్చింది. "ఆవిడకు మన వాక్యం తెలియదయ్యా. అయినా పిలవకుండానే వచ్చింది. తెలిసిన నేను గోడ ఇవతలే ఉండిపోయాను." పరంజ్యోతి ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

వానలు వెలిశాక ఇస్సాకు చనిపోయాడు. సమాధి గుంట దగ్గర ఆనందం గుప్పెడు మన్ను తీసుకున్నాడు. వేయకుండా అలాగే నిలబడ్డాడు. తర్వాత ఉపదేశి వైపు తిరిగాడు.

"బాబూ, ఇప్పుడొచ్చిందా సమయం?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు. పరంజ్యోతి ఎందరి సమాధి గుంటల ముందు నిలబడి ప్రార్థన చేశాడో! ఆ వేళ మాత్రం ప్రార్థన ఇంకొకరి చేత చేయించాడు. గోచీ లేకుండా నడివీధిలో నిలబడ్డట్టుంది ఆయనకు.

మళ్లీ కోతపండుగ వచ్చింది. కానుకలు పోగయ్యాయి. పరంజ్యోతి గ్రంథం తెరిచాడు, మూశాడు.

"పోయిన ఏడు మీకు మూడు అర్థాలు చెప్పాను" అన్నాడు. "ఎవరు వెళ్లాలంటే తప్పు చేసిన ఎదుటివాడన్నాను. ఎవరి దగ్గరికంటే మనవాళ్ల దగ్గరికేనన్నాను. ఎప్పుడంటే తర్వాతన్నాను. ఆ మూడూ వాక్యంలో లేవు. నేను నా చెల్లెలి దగ్గరికి వెళ్లకుండా ఉండడానికి అల్లుకున్న సాకులవి. మీరు వాటిని నమ్మి నష్టపోయారు. నతానియేలూ, సారమ్మా, తాతా, నన్ను మన్నించమని అడిగే ముఖం కూడా నాకు లేదు."

కొందరు ముఖం తిప్పుకున్నారు. సంఘ పెద్ద ఒకాయన "ఇదేం పనయ్యా, పండుగపూట" అని గొణిగాడు. పరంజ్యోతి గ్రంథం బల్ల మీద పెట్టి, ఆరాధన మధ్యలోనే మెట్లు దిగి, రేవుకు నడిచాడు.

పడవెక్కి ఏరు దాటుతూ, దారి పొడుగునా చెల్లెలికి ఏం చెప్పాలో పేర్చుకున్నాడు. మంచి మంచి వచనాలు గుర్తొచ్చాయి. చెల్లెలి ఇంటి గుమ్మంలో వీరభద్రం కనిపించాడు. ఆయన్ను చూసి నివ్వెరపోయి, తేరుకుని, "రండి బావగారూ" అన్నాడు. ఆ మర్యాదకు పరంజ్యోతి ఇంకా కుంగిపోయాడు.

రాహేలు మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తింది. జుట్టు నెరిసింది.

"రాహేలూ, వాక్యంలో ఏముందంటే..."

"వాక్యం చెప్పకు అన్నయ్యా. చెబితే లోపలికెళ్లి తలుపేసుకుంటాను."

పేర్చుకున్న మాటలన్నీ ఒక్కసారిగా కూలిపోయాయి. ఆయన నేల మీద కూర్చున్నాడు.

"అమ్మ మీద మన్ను వేయనివ్వలేదు నిన్ను. తప్పు చేశాను."

"ఆ రోజు ఒక వచనం చదివావు. దానికి నువ్వు చెప్పిన అర్థం నిజమేనా?"

"కాదు. ఊరు నన్నేమంటుందోనని భయపడ్డాను. నా భయాన్ని దేవుడి నోట పలికించాను."

రాహేలు చేతిలో కండె ఆగిపోయింది. తర్వాత మళ్లీ తిప్పి, ఆ కండె నిండేదాకా చుట్టింది. ఆ సేపంతా పరంజ్యోతి తల ఎత్తలేదు. లేచి పోవాలనీ అనుకోలేదు.

చివరికి ఆమె అంది: "క్షమించానని ఇవాళ అనలేను. నోటిమాటగా అంటే అదీ నువ్వు చెప్పిన అర్థాల్లాంటిదే అవుతుంది."

"అనొద్దు" అన్నాడు పరంజ్యోతి. "మళ్లీ వస్తాను. రానిస్తే చాలు."

"రావడానికి నిన్నెవరు ఆపారు?" అంది రాహేలు. ఆ మాట కటువుగానే వచ్చింది. కానీ అంటూనే లేచి, పొయ్యి దగ్గరికి వెళ్లి, భర్త కంచం పక్కన ఇంకో కంచం పెట్టింది.

ముగ్గురూ కూర్చుని తిన్నారు. పరంజ్యోతి కంచంలో ఒక్క మెతుకు మిగల్చలేదు.

నీతి: వాక్యానికి తనకు అనువైన అర్థం వెతుక్కునేవాడు తనతోపాటు విన్నవాళ్లనూ ముంచుతాడు, సిగ్గుతో తల వంచుకునైనా దాని ప్రకారం నడిచినవాడికే దాని అర్థం తెలుస్తుంది.